పీటర్ హుక్ తరహా బాస్: కోరస్ పెడితే ఓపెన్ డి తీగ ఊగుతోంది
ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ జాయ్ డివిజన్ తొలినాళ్లలో దాని బాస్ గిటారిస్టు పీటర్ హుక్ టోన్ కోసం తంటాలు. నాసిరకం ఆంప్‌లో కింది స్వరాలు వినపడక మెడ మీద పై స్వరాల ఫ్రెట్ల వైపు జరిగానని ఆయనే చెప్పాడు కాబట్టి, అక్కడే వాయిస్తున్నా.

చిక్కు ఇదీ: జి తీగ 14వ ఫ్రెట్ మీద మెలొడీ, పక్కన ఓపెన్ డి (వేలు నొక్కని డి తీగ) మోగుతూ ఉండాలి. కోరస్ (శ్రుతి కాస్త ఊగే నకలును అసలు ధ్వనితో కలిపే పెడల్) ఆన్ చేస్తే పై స్వరం (220 హెర్ట్జ్) 1979 నాటి రికార్డులోలాగే మెరుస్తోంది. కింది డి (73 హెర్ట్జ్) మాత్రం శ్రుతి తప్పినట్టు ఊగుతోంది. కోరస్ ఆపితే శుభ్రం.

34 అంగుళాల స్కేల్, కొత్త 45-105 రౌండ్‌వూండ్ తీగలు, 12వ ఫ్రెట్ ఇంటొనేషన్ (శ్రుతి తేడా) 2 సెంట్ల (అర్ధస్వరంలో నూరో వంతులు) లోపే. కోరస్ డెప్త్ (ఊపు మోతాదు) సగానికి తగ్గిస్తే ఊపుతోపాటు మెరుపూ పోయింది. పెడల్‌కు ముందు ఈక్యూలో (ఈక్వలైజర్) 100 హెర్ట్జ్ కింద కోస్తే డబ్బా మోత. పిక్ బ్రిడ్జి దగ్గరికి జరిపితే కాస్త నయం, అంతే.

ఇక మిగిలింది సిగ్నల్‌ను చీల్చి, పై భాగాన్నే కోరస్ గుండా పంపడం. కానీ డి తీగ రెండో హార్మోనిక్ (మూల స్వరంతోపాటు మోగే పై స్వరం) 147 దగ్గర, మూడోది సరిగ్గా 220 మీదే పడుతుంది, కాబట్టి అవీ కోరస్‌లోకి వెళ్లొచ్చు (అసలు తలనొప్పి ఇదే). క్రాసోవర్ (సిగ్నల్‌ను చీల్చే హద్దు) ఎన్ని హెర్ట్జ్ దగ్గర పెట్టాలి?