పేకముక్క డయల్ పాత వాచీ: బొమ్మ అసలుదా, తర్వాత వేసిందా?

మాది తిరుపతి. మా తాత వాడిన కీ ఇచ్చే వాచీ ఒకటి నా దగ్గరికొచ్చింది. పల్చటి కేసు, లోపల 17 జ్యుయెల్స్ స్విస్ మెషిన్. డయల్ మీద ఆఠీన్ రాజు బొమ్మ. భూతద్దంలో కుంచె గీతలు కనిపిస్తున్నాయి, ప్రింటు చుక్కలు లేవు. అనుమానమల్లా మీసం దగ్గరే. మామూలు పేకలో నలుగురు రాజుల్లో మీసం లేనిది ఆఠీన్ రాజుకే, ఇక్కడేమో గుబురు మీసం! (మీసం లేని రాజేంటని మనవాళ్లెవరో పెట్టేసినట్టుంది.) పాత డయళ్లకు మళ్లీ రంగులేసి అమ్మడం మన దేశంలో మామూలే కదా, అందుకే టెన్షన్.

గాంధీ రోడ్డు వైపు రిపేరు చేసే పెద్దాయన సర్వీసుతో పాటు డయల్ కూడా తుడిచేస్తానన్నారు, వద్దన్నాను. డయల్ విప్పితే వెనకవైపు, అంచుల్లో ఏం చూడాలి? తిరుపతిలోనో చిత్తూరులోనో డయల్ జోలికి పోకుండా మెషిన్ మాత్రమే సర్వీసు చేసేవాళ్లుంటే చెప్పండి. అమ్మే ఉద్దేశం లేదు, రేటు చెప్పక్కర్లేదు.