ర్యామ్ ఖాళీగానే ఉంది, డ్రైవర్‌కు మాత్రం మెమొరీ దొరకదు

పెన్న ఇసుక, అనంతపురం:
డ్రిప్ మోటార్ల కంట్రోలర్, 64 ఎంబీ ర్యామ్ బోర్డు, లినక్స్. బూట్ కాగానే డ్రైవర్ బాగా ఎక్కుతాంది. నాలుగైదు రోజులు నడిచినాక తీసి మళ్లీ వేస్తే 'పేజ్ అలకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 4' అంటాంది. ఫ్రీ మెమొరీ 9 ఎంబీ చూపిస్తాంది. ఉండి కూడా ఎందుకియ్యదు?

బురుజు నీడ, కర్నూలు:
ఆర్డర్ 4 అంటే ఆనుకుని ఉన్న 16 పేజీలు. 4 కేబీ పేజీల లెక్కన 64 కేబీ, ఒకే ముక్క. 9 ఎంబీ విడివిడి పేజీలుగా చెదిరిపోయి ఉంటే ఏం లాభం? ప్రాక్‌లో బడ్డీఇన్ఫో (ఏ సైజు ఖాళీ ముక్కలు ఎన్నున్నాయో చూపే ఫైలు) తెరువు. జోన్ (మెమొరీలో ఒక భాగం) పేరు తర్వాత అంకెలు ఆర్డర్ 0 నుంచి వరసగా ఉంటాయి. ఐదో అంకె నుంచి కుడికి అన్నీ సున్నాలైతే రోగం అదే.

బఫర్ డీఎంఏకి (సీపీయూ లేకుండా పరికరమే మెమొరీని నేరుగా చదివి రాయడం) కాకపోతే కేమాలక్ (కెర్నల్‌లో వరస మెమొరీ అడిగే కాల్) బదులు కేవీమాలక్ వాడు (కెర్నల్ 4.12 నుంచి ఉంది). వరస పేజీలు దొరక్కపోతే అదే వీమాలక్‌కు (చెదిరిన పేజీలను కలిపి ఇచ్చేది) పోతాది. వదిలేటప్పుడు మాత్రం కేవీఫ్రీ, కేఫ్రీ కాదు.

పెన్న ఇసుక:
డీఎంఏకే అన్నా.

బురుజు నీడ:
అట్లయితే బూట్‌లోనే తీసి పెట్టుకో, మాడ్యూల్‌గా ఎక్కించి దించడం మానెయ్. లేదా డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాల ఫైలు) ఆ బఫర్‌కు మెమొరీ రిజర్వ్ చెయ్. కంట్రోలర్‌కు స్కాటర్ గ్యాదర్ (చెదిరిన ముక్కలతో డీఎంఏ) వస్తే 4 కేబీ ముక్కలు చాలు, గొడవే లేదు.

ఆర్డర్ 3 దాకా, అంటే 32 కేబీ దాకా, జీఎఫ్‌పీ కెర్నల్‌తో (ఆగి ఎదురుచూడొచ్చని చెప్పే ఫ్లాగ్) అడిగితే కెర్నల్ అంత సులభంగా లేదనదు. పేజీలు వెనక్కి లాగుతాది, అవసరమైతే ఓఓఎమ్ కిల్లర్‌తో ప్రాసెస్‌ను చంపైనా ఇస్తాది. అది దాటితే తొందరగా చేతులెత్తేస్తాది. జీఎఫ్‌పీ అటామిక్ అసలు ఆగదు, ఎంత చిన్నదైనా నల్ (దొరకలేదని చెప్పే ఖాళీ పాయింటర్) రావొచ్చు. ఇంటరప్ట్‌లో నల్ వస్తే ఆ రీడింగ్ వదిలేసి డ్రాప్ కౌంటర్ పెంచు, అంతే.

గుత్తి మెట్లు, అనంతపురం:
నల్ చెక్ అందరూ పెడతారు. కొంప మునిగేది ఫెయిలై వెనక్కి వచ్చే దారిలో. ప్రోబ్‌లో (డివైస్‌ను సిద్ధం చేసే డ్రైవర్ ఫంక్షన్) స్ట్రక్చర్, బఫర్, ఐఆర్‌క్యూ (ఇంటరప్ట్ లైన్) అని మూడు తీసుకుంటే, మూడోది ఫెయిలైనప్పుడు బఫర్, తర్వాత స్ట్రక్చర్ వదలాల. తీసుకున్న వరసకు తిరగబడి. ఎక్కువసార్లు కనపడే తప్పు: పై కాల్ గెలిచి రెట్‌లో (ఫలితం ఉంచే వేరియబుల్) 0 ఉంటాది, కింద మెమొరీ ఫెయిలై గోటూ కొడతారు, రెట్‌లో -ఈనోమెమ్ (మెమొరీ లేదనే ఎర్రర్ కోడ్) పెట్టడం మర్చిపోతారు. ప్రోబ్ 0 ఇచ్చింది కాబట్టి డివైస్ సిద్ధమనుకుంటాది కెర్నల్. ఓపెన్ చేసినప్పుడు ఊప్స్ (కెర్నల్ క్రాష్).

కేమాలక్ ఫలితాన్ని ఈజ్ ఎర్‌తో (పాయింటర్‌లో ఎర్రర్ కోడ్ ఉందేమో చూసేది) చూడొద్దు. నల్‌ను అది తప్పుగా ఎంచదు, దాటిపోతాది. కేరీఅలాక్ (తీసుకున్న మెమొరీ సైజు మార్చేది) ఫలితాన్ని పాత పాయింటర్‌లోనే వేసుకున్నా నష్టమే: నల్ వస్తే పాత మెమొరీ చిరునామా పోయి లీక్.

గడప దీపం, కడప:
ఈ దారులు మామూలుగా నడవవు కాబట్టి మనమే నడిపించాల. క్యూఈఎంయూలో (మెషిన్‌ను అనుకరించే ప్రోగ్రామ్) ఫెయిల్‌స్లాబ్ (అలకేషన్లను కావాలని ఫెయిల్ చేసేది), కేమెమ్‌లీక్ (లీకులు వెతికేది) ఆన్ చేసి కెర్నల్ కట్టు, నీ 64 ఎంబీ బోర్డులో ఇరుకు. డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ సెట్టింగుల ఫైళ్లు) ఫెయిల్‌స్లాబ్ కింద 'ఇగ్నోర్ జీఎఫ్‌పీ వెయిట్' డిఫాల్ట్‌గా వై ఉంటాది, ఎన్ చెయ్. చెయ్యకపోతే నిద్రపోగల అలకేషన్లు ఒక్కటీ ఫెయిల్ కావు, కోడ్ భేషుగ్గా ఉందని మోసపోతావు.

ప్రాబబిలిటీతో గుడ్డిగా కొట్టడం కంటే ఫెయిల్ ఎన్‌త్ (ఎన్నో అలకేషన్ ఫెయిల్ కావాలో చెప్పేది) మేలు. చిన్న సీ ప్రోగ్రామ్ తన ప్రాక్‌లోని ఫెయిల్ ఎన్‌త్ ఫైల్లో 1 రాసి, అదే త్రెడ్‌లో సిస్‌ఎఫ్‌ఎస్ బైండ్ ఫైల్లో (డ్రైవర్‌ను డివైస్‌కు కలిపేది) డివైస్ పేరు రాయాల. ప్రోబ్‌లో మొదటి అలకేషన్ ఫెయిలవుతాది. తర్వాత 2, 3. తిరిగి చదివితే 0 వచ్చినంతసేపు దెబ్బ తగిలినట్టు, వేరే అంకె వస్తే అలకేషన్లు అయిపోయినట్టు. ప్రతిసారీ కేమెమ్‌లీక్ స్కాన్, కొన్ని సెకన్లు ఆగి ఇంకోసారి. అప్పుడే పుట్టిన ఆబ్జెక్టులను మొదటి స్కాన్ చూపించదు.

పెన్న ఇసుక:
బడ్డీఇన్ఫోలో ఐదో అంకె నుంచి సున్నాలే. ఫెయిలైన చోట నేనొక ప్రింట్ పెట్టాల్నా?

గుత్తి మెట్లు:
వద్దు. స్టాక్‌తో సహా కెర్నలే చెప్తాది, చెక్‌ప్యాచ్ (కెర్నల్ కోడ్ తీరు చూసే స్క్రిప్ట్) కూడా తిడతాది. వేరే దారి ఉన్న చోట నోవార్న్ ఫ్లాగ్ చేర్చు, లాగ్ నిండదు.