గొంతుకు ఈటె ఆనించినా దిగలేదు: ఇది ‘చీ’ శక్తేనా?

ప్రశ్న: మా అబ్బాయి కుంగ్‌ఫూ నేర్చుకుంటున్నాడు. మొన్న ప్రదర్శనలో వాళ్ల మాస్టారు ఈటె మొనను గొంతుకు ఆనించుకుని ముందుకు నెట్టారు. కర్ర విల్లులా వంగింది, ఆయనకు ఎర్రటి గుర్తు తప్ప ఏమీ కాలేదు. అంతా ‘చీ’ అనే ప్రాణశక్తి మహిమట! ఇరవై ఏళ్లుగా లేత్ మెషిన్ మీద పనిచేస్తున్నవాణ్ణి, నమ్మబుద్ధి కావడం లేదు. కిటుకు ఏమిటి?

జవాబు: మీరే చెప్పేశారుగా, కర్ర వంగిందని! సన్నటి కర్ర ఒకసారి వంగడం మొదలుపెడితే గొంతు మీద తోపు ఇక పెద్దగా పెరగదు. మొన కూడా మొద్దుగానే ఉంటుంది. కర్ర తీసి లావుపాటి ఇనుప కడ్డీ ఇస్తామంటే మాస్టారు ఒప్పుకోరు. (ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి.)

మరో జవాబు: ఇది పాత నమ్మకమే. చైనాలో విదేశీయులపై తిరగబడిన 1900 నాటి ‘బాక్సర్’ తిరుగుబాటుదారులు కసరత్తులు, మంత్రాలతో తూటాలు తమను ఏమీ చేయలేవనుకున్నారు. వేలమంది చనిపోయారు. 2017లో చెంగ్డూలో శూ శియావోడోంగ్ అనే ఫైటర్, ‘చీ’ శక్తిని నమ్ముకునే తైచీ అనే చైనా యుద్ధవిద్య నేర్పే వెయ్ లెయ్ అనే గురువును అర నిమిషంలోపే పడగొట్టాడు.

ప్రశ్న అడిగినవారు: సన్నటి కడ్డీ లేత్ మీద వంగడం రోజూ చూస్తూనే ఉంటాను, తట్టనే లేదు! అబ్బాయిని మాన్పించను, పొద్దున్నే లేస్తున్నాడు. ఈటె జోలికి మాత్రం పోనివ్వను.