అప్‌డేట్: చెల్లి రిసెప్షన్‌లో సన్నాయా, డీజేనా గొడవ ఎలా తేలిందంటే

హన్మకొండలో చెల్లి రిసెప్షన్‌కి నాన్న సన్నాయి మేళం అంటున్నారు, కజిన్స్ డీజే అంటున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మొన్న ఆదివారం అయిపోయింది. రెండూ పెట్టాం.

ఏడింటి నుంచి సన్నాయి, డోలు. స్టేజీ మీద ఫొటోల క్యూ ఎలాగూ గంటన్నర తెగదు, అప్పుడు డీజే పెట్టినా ఎవరూ ఆడరు. భోజనాల దగ్గర ఘంటసాల, బాలు పాటలు, మాట వినపడేంత సన్నగా. స్పీకర్లు డైనింగ్ వైపు తిప్పొద్దని మీలో ఒకరు చెప్పారు చూడండి, ఆ సలహాకి దండం పెట్టాలి.

అసలు టెన్షన్ పదింటి రూల్‌తో వచ్చింది. మాది ఓపెన్ లాన్. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు కాబట్టి డీజేని 8:45కే మొదలుపెట్టమన్నాం. ఆయన వచ్చింది 9:20కి! సగం డబ్బు ఆపి ఉంచాం కాబట్టి బేరమాడి కొంత తగ్గించుకున్నాం.

ఆ ఖాళీలో జరిగిందే హైలైట్. ఊరేగింపుకి వచ్చిన డప్పు వాళ్లు అప్పుడే భోంచేసి చేతులు కడుక్కుంటున్నారు. బాబాయ్ వెళ్లి బతిమాలాడు. తీన్మార్ మొదలైన రెండో నిమిషానికి, సన్నాయి తప్ప ఇంకేదీ వద్దన్న మా నాన్న భుజం మీద కండువా తీసి నడుముకి కట్టారు. అత్తయ్యలు, వియ్యపురాలు, క్యాటరింగ్ కుర్రాళ్లు, అందరూ దిగారు.

డీజే 9:35కి మొదలుపెట్టి, సరిగ్గా పదికి ఆపాడు. కజిన్స్‌కి ఇంకా కోపం తగ్గలేదు.