పట్టిక రాసేవాడి వంతు ఎంత?

కోడంబాకం_శ్రోత:
మా చెన్నై పాత తెలుగు పాటల బృందం ప్రత్యేక సంచిక వేస్తోంది. ఒక్కొక్కరూ తాము చేసిన పని గురించి నాలుగు లైన్లు రాసివ్వాలట. రికార్డులు సేకరించినవాళ్లున్నారు, స్టేజీ మీద పాడేవాళ్లున్నారు. నాది గూగుల్ షీట్‌లో పట్టిక నింపే పని: సినిమా, సంవత్సరం, పాట, రచయిత, సంగీతం, గాయకులు, రికార్డు నంబరు. ఎవరైనా చేయగల గుమాస్తా పని. గొప్పలు పోకుండా, అలాగని తీసిపారేయకుండా దీన్ని ఎలా లెక్కగట్టాలండీ?

వడపళని_వీధి:
ఎవరైనా చేయగలరా లేదా అన్నది పట్టికలోని వరసను బట్టి ఉంటుంది. షీట్‌కు మూడు రంగులు వేసి చూడండి. రికార్డు లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించినవి ఒక రంగు. ఆధారాలు ఒకదానికొకటి పొసగకపోతే తేల్చి రాసినవి రెండోది. ఎక్కడా లేక, పాట విని రాసినవి మూడోది. మొదటిది గుమాస్తా పనే, ఒప్పుకుంటాను. మిగతా రెండూ కాదు.

అసలు తంటా రెండో రంగుతోనే. టైటిల్స్‌లో గాయకులందరి పేర్లూ కలిపి ఒకే కార్డు మీద వేసేవారు, ఏ పాట ఎవరిదో ఉండదు. పాటల పుస్తకంలో సాహిత్యం ఉంటుంది కానీ, సినిమాలో ఎత్తేసిన చరణం కూడా ఒక్కోసారి అందులో మిగిలిపోతుంది. 78 ఆర్పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూగా. పాట పెద్దదైతే చరణం కోసేవారు, లేదంటే రెండు వైపులకూ సర్దేవారు. ఇవన్నీ దగ్గర పెట్టుకుని ‘సినిమాలో 3 చరణాలు, రికార్డులో 2’ అని ఒక్క గడిలో రాసి ఉంచితే, రిహార్సల్లో సగం తగాదాలు అక్కడే తెగుతాయి.

లక్క_రికార్డు:
నంబర్ల సంగతి కూడా చూసుకోండి. చాలామంది లేబుల్ మీద కంపెనీ అచ్చేసిన కేటలాగ్ నంబరుతో ఆగిపోతారు. అది రికార్డు మొత్తానికీ ఒకటే. రికార్డు తయారైన లక్కలోనే, లేబుల్ చుట్టూ ఖాళీగా ఉండే చోట కనబడే మాట్రిక్స్ నంబరు ఏ వైపుకు ఆ వైపు వేరు. పాత రికార్డింగునే కొత్త కేటలాగ్ నంబరుతో మళ్లీ వేస్తే పట్టించేది ఇదే. మీ షీట్‌లో ఈ కాలమ్ ఉంటే, మా సేకరణవాళ్లు ఉన్నదాన్నే మళ్లీ కొనరు.

డిజిటల్ చేసిన ఫైళ్లకు ఏ నీడిల్ వాడారో, ఏ వేగంతో తిప్పారో రాస్తున్నారా? 78 రికార్డుకు సుమారు 3 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) నీడిల్ కావాలి. ఎల్పీ నీడిల్ 1 మిల్. అది పెడితే గాడి అడుగుకు దిగి బరబరలాడుతుంది. వేగం 6 శాతం పెరిగితే శ్రుతి అర మెట్టు పైకి పోయి, ఒకటో శ్రుతి పాట ఒకటిన్నర అయిపోతుంది. గాయకుడు ఆ ఫైలు విని శ్రుతి పెట్టుకుంటే పై స్థాయిలో గొంతు అందదు, నెపం మాత్రం ఆర్కెస్ట్రా మీదికి పోతుంది.

పాత రికార్డులు దొరికే మన చెన్నై మూర్ మార్కెట్ కాలిపోయింది 1985లో. ఇప్పుడు పగలని రికార్డు దొరకడమే గగనం. అందుకని ఏది ఎవరి దగ్గర చూసి రాశారో కూడా వేయండి, వాళ్ల వంతు వాళ్లకు దక్కాలి.

మైలాపూరు_మైకు:
మీ పని విలువ తెలియాలంటే షీట్‌ను కాపీ తీసి, మీరు నింపిన కాలమ్‌లు దాచేయండి. కిందటి కార్యక్రమంలో వ్యాఖ్యాత చెప్పిన పేర్లూ సంవత్సరాలూ ఇంకెక్కడ దొరుకుతాయో వెతకండి. వాట్సాప్ గ్రూపులో ‘ఎవరు పాడారు’, ‘ఎవరు రాశారు’ అని సెర్చ్ చేస్తే, ఎన్ని ప్రశ్నలకు మీ షీటే జవాబు అయిందో తెలుస్తుంది. లైకులు లెక్కపెట్టకండి, అవి పాటకు పడతాయి.

ఇంకోటి. ఎవరు ఏ గడి మార్చారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది కానీ, షీట్‌ను ఎక్సెల్‌గా దించుకుని నలుగురికీ పంపితే ఆ హిస్టరీ వెంట రాదు. ‘ఆధారం’, ‘నమోదు చేసినవారు’, ‘తేదీ’ కాలమ్‌లు షీట్‌లోనే పెట్టుకోండి. ఆధారం ఖాళీగా ఉన్న వరసను మాత్రం మీ ఖాతాలో వేసుకోకండి, అది ఇంకా చెప్పుడు మాటే.

కోడంబాకం_శ్రోత:
రంగులు వేస్తున్నాను. మూడో రకం తక్కువే, రెండోది అనుకున్నదానికంటే ఎక్కువ తేలింది. ఇలా రాస్తే చాలా? “బృందం పాటల పట్టిక నిర్వహణ. టైటిల్స్, పాటల పుస్తకం, రికార్డు లేబుల్ పొసగని చోట పాట విని తేల్చడం. సినిమాకూ రికార్డుకూ ఉన్న చరణాల తేడాల నమోదు.” పక్కన మచ్చుకు రెండు పాటల సాహిత్యం పూర్తిగా వేద్దామనుకుంటున్నా.

వడపళని_వీధి:
చాలు, బాగుంది. ఏ సంవత్సరం నుంచి చేస్తున్నారో కూడా చేర్చండి. సాహిత్యం మాత్రం అనుమతి లేకుండా పూర్తిగా అచ్చేయకండి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు నడుస్తుంది. రికార్డింగు మీద హక్కు విడుదలైన 60 ఏళ్లకు తీరిపోయినా, సాహిత్యానికీ బాణీకీ లెక్క వేరు. ఘంటసాల పోయింది 1974లో, అంటే ఆయన కట్టిన బాణీలకు 2034 ఆఖరుదాకా ఉన్నట్టే. మీరు విని తప్పులు దిద్దినంత మాత్రాన హక్కు మీకు రాదు. ఎవరు పాడారు, ఏ నంబరు, ఎన్ని చరణాలు లాంటి వివరాలకు ఆ బెడద లేదు. రెండో రంగులోంచి ఒక వరస తీసుకుని, ఆధారం కాలమ్‌తో సహా వేయండి.