ఒప్పుకున్నా మనసులో భారం పోకపోతే?

ప్రశ్న: ప్రార్థనలో పాపం ఒప్పుకున్నాక కూడా అపరాధ భావం అలాగే ఉంటే, దేవుడు క్షమించలేదనా?

జవాబు 1: కాదండీ. బైబిల్లో 1 యోహాను 1:9 అడిగేది ఒప్పుకోవడమే, తేలికగా అనిపించడం కాదు. కాకపోతే చాలామంది "నా పాపాలన్నీ క్షమించు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చిక్కంతా అక్కడే. అబద్ధమాడి ఉంటే ఏ అబద్ధం, ఎవరితో, ఎందుకు ఆడారో విడమర్చి చెప్పండి, సాకులు లేకుండా. తర్వాత దావీదు పశ్చాత్తాప ప్రార్థన అయిన 51వ కీర్తన నెమ్మదిగా చదవండి.

జవాబు 2: ఎవరికైనా నష్టం చేశారేమో చూడండి. మత్తయి 5:23-24 ప్రకారం ముందు వాళ్లతో సమాధానపడాలి (రాజీపడాలి), దేవునికి అర్పణ తర్వాతే. డబ్బైతే తిరిగివ్వాలి. పన్ను వసూలుదారు జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). అది క్షమాపణకు వెల కాదు, మారిన మనసుకు ఫలం.

జవాబు 3: ఒప్పుకున్నదాన్నే రోజూ తవ్వుకోవద్దు. గుర్తొస్తే "క్షమించావు, వందనాలు ప్రభువా" అనండి చాలు.