నెలకోసారి బ్యాటరీని సున్నాకు దించాలన్న నియమం మనకు మేలా, కీడా?

మలక్‌పేట పాఠకుడు:

తెర మీది మాటలను గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మీద శిక్షణ పొందిన, చూపు లేని మనలో చాలామందికి ఒక నియమం చెప్పారు. ఫోను, ల్యాప్‌టాప్, వేలితో తడిమి చదివే చుక్కలను పైకి లేపే బ్రెయిలీ డిస్‌ప్లే, ఏదైనా సరే నెలకోసారి తనంతట తాను ఆగిపోయేదాకా వాడి, ఆపై మధ్యలో తీయకుండా నూరు శాతం చార్జింగ్ పెట్టాలని, దానినే కాలిబ్రేషన్ అంటారని, అలా చేస్తే బ్యాటరీ ఎక్కువ కాలం మన్నుతుందని ఆ నియమం సారాంశం. ఇందులో చివరి మాటను నేను వ్యతిరేకిస్తున్నాను.

ఆ మాట నికెల్ కాడ్మియం బ్యాటరీల నాటిది. వాటిని పూర్తిగా వాడకుండా మళ్లీ మళ్లీ చార్జింగ్ పెడితే సామర్థ్యం తగ్గినట్లు కనిపించేది కనుక, అప్పుడప్పుడు పూర్తిగా దించమనేవారు. సోనీ సంస్థ 1991లో మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీకి ఆ గుణం లేదు. ఈనాటి ఫోన్లలో ఉండేది ఆ జాతి బ్యాటరీయే. ప్రతిసారీ సున్నా దాకా దించి నూరు దాకా ఎక్కించడం దానిని త్వరగా అరగదీస్తుంది. మధ్య మధ్య కొద్దికొద్దిగా చార్జింగ్ పెట్టడమే దానికి సుఖం.

మరి కాలిబ్రేషన్ ఎందుకు పుట్టింది? బ్యాటరీలోకి వెళ్లే, బయటకు వచ్చే విద్యుత్తును ఒక చిన్న చిప్పు లెక్కగట్టి శాతం చెబుతుంది. ఆ లెక్కలో చిన్న చిన్న పొరపాట్లు రోజురోజుకూ పేరుకుంటాయి. చార్జింగ్ నడిమి శాతాలలో ఉన్నంతసేపు వోల్టేజీ పెద్దగా మారదు కనుక, దానిని చూసి లెక్కను సరిదిద్దుకోవడం చిప్పుకు కష్టం. సెల్లు పూర్తిగా నిండినప్పుడు, అడుగున వోల్టేజీ వేగంగా పడిపోతున్నప్పుడు మాత్రం దానికి గట్టి ఆనవాలు దొరుకుతుంది. కాబట్టి కాలిబ్రేషన్ సరిచేసేది అంకెను మాత్రమే. ట్యాంకు గోడ మీది గీతను తుడిచి సరైన చోట మళ్లీ గీసినంత మాత్రాన ట్యాంకులో నీళ్లు ఎక్కువ పట్టవు.

బేగంపేట సభ్యురాలు:

పాఠకుడు గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. అయితే ఆ అంకె విలువను వారు చూపున్నవారి లెక్కలో తూచారని నా అభ్యంతరం. చూపున్న మనిషికి తెర మసకబారడం, గుర్తు ఎర్రబడటం వంటి హెచ్చరికలు కంటికి వాటంతట అవే తగులుతాయి. మనకు ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ గాని, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ గాని, ఆ స్క్రీన్ రీడర్ చెప్పే అంకె ఒక్కటే ఆధారం. ఆ గొంతు హఠాత్తుగా ఆగిపోతే, ఫోను ఆగిపోయిందా, స్క్రీన్ రీడర్ మాత్రమే మొరాయించిందా అన్నది కూడా వెంటనే తేలదు.

అమీర్‌పేట మెట్రో స్టేషన్‌లో ఒక లైను నుంచి మరో లైనుకు మారి, దిగిన చోట క్యాబ్ పిలుచుకుని, నోటు విలువ తెలుసుకోవడానికి రిజర్వు బ్యాంకు వారి మణి యాప్ తెరిచే మనిషికి, ఇరవై శాతం అని విన్న కాసేపటికే ఫోను ఆగిపోతే దారీ, డబ్బూ, పిలుపూ మూడూ ఒకేసారి పోతాయి. బ్యాటరీ ఆయుష్షు కొంత తగ్గినా ఫరవాలేదు, జగదీశ్ మార్కెట్లో కొత్తది వేయించుకోవచ్చు. రాత్రివేళ మెహదీపట్నం కూడలిలో చేతిలో మూగబోయిన ఫోనుతో నిలబడిన మనిషికి ఆ మిగిలిన ఆయుష్షు ఎందుకు పనికొస్తుంది? నెలకోసారి కాలిబ్రేషన్ ఆ భద్రతకు చెల్లించే ధర అని నేను భావిస్తాను, ఆ ధర చెల్లించడానికి నేను సిద్ధమే.

హైటెక్ సిటీ ఉద్యోగి:

సభ్యురాలు గారు వర్ణించిన ఆపద నిజమైనదే. కాని ఇరవై శాతం దగ్గర ఫోను ఆగిపోవడానికి రెండు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. ఒకటి లెక్క తప్పడం, దీనికి కాలిబ్రేషన్ మందు. రెండోది, పాతబడిన బ్యాటరీలో అంతర్గత నిరోధం, అంటే లోపల విద్యుత్తుకు కలిగే అడ్డు, పెరగడం. కెమెరా, టార్చి, ఇంటర్నెట్ ఒకేసారి పనిచేసేటప్పుడు, అంటే వస్తువులను గుర్తించే యాప్ తెరిచి ఉన్నప్పుడు, ఆ బ్యాటరీ వోల్టేజీ ఒక్కసారిగా కుంగి ఫోను ఆగిపోతుంది. దీనికి బ్యాటరీ మార్చడమే దారి. ఎన్నిసార్లు సున్నాకు దించినా లాభం లేకపోగా, ఆ జబ్బు మరింత త్వరగా ముదురుతుంది.

రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మనకు అందుబాటులో ఉన్న సాధనాలు ఉన్నాయి. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీరిపోర్ట్ ఆదేశం ఇస్తే ఒక వెబ్ పేజీ తయారవుతుంది. అందులో తయారీనాటి సామర్థ్యం, ఇప్పుడు పూర్తిగా నిండితే పట్టే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి, విండోస్ స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఆ పట్టికలను చక్కగా చదువుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లోని బ్యాటరీ హెల్త్ మిగిలిన సామర్థ్యాన్ని చెబుతుంది. ఐఫోన్ 14 దాకా వచ్చిన నమూనాలు 500 పూర్తి చార్జింగ్ చక్రాల తరువాత, ఐఫోన్ 15 నమూనాలు 1000 చక్రాల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా రూపొందాయని ఆపిల్ చెబుతోంది. నెలనెలా కాలిబ్రేషన్ అంటే ఆ ఖాతాలోంచి ఏడాదికి పన్నెండు చక్రాలు ఖర్చు చేయడం. ఐఫోన్ విషయంలో అది పెద్ద నష్టం కాదని ఒప్పుకుంటాను, కాని అవసరం లేని ఖర్చు ఖర్చే.

ప్రసంగవశాత్తు మరొక్క మాట. స్క్రీన్ రీడర్‌లో ఉండే, తెరను నల్లగా చేసే స్క్రీన్ కర్టెన్ వేస్తే ఏ పరికరంలోనైనా చార్జింగ్ ఆదా అవుతుందని మనవాళ్లు నమ్ముతారు. ఓఎల్ఈడీ తెరలో నల్లని చుక్కలు వెలుగును ఇవ్వవు కనుక అక్కడ ఆదా ఉంది. ఎల్‌సీడీ తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ కర్టెన్ బొమ్మను నల్లగా చేస్తుందే తప్ప వెనకాల దీపాన్ని ఆర్పదు. అక్కడ బ్రైట్‌నెస్‌ను కిందికి దించాలి. మనం చూడం కనుక అది నూరు శాతంలో వెలుగుతూ ఉన్నా తెలియకపోవచ్చు.

బేగంపేట సభ్యురాలు:

రెండు కారణాలను విడదీసి చూడాలన్న మాట న్యాయమైనది, దానిని స్వీకరిస్తున్నాను. అయినా అంకెకు అప్పుడప్పుడు ఆనవాలు కావాలన్న నా వాదన నిలిచే ఉంది. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు పెట్టుకున్న ఐఫోన్ కూడా, శాతం అంచనా సరిగా ఉండటానికి అప్పుడప్పుడు నూరు దాకా తనంతట తానే ఎక్కించుకుంటుందని ఆపిల్ వారే రాశారు. తయారీదారుకే అది అవసరమనిపించినప్పుడు మనం పూర్తిగా మానేయడం సబబు కాదు.

మలక్‌పేట పాఠకుడు:

ఆ ఉదాహరణ నాకు నచ్చింది. కాని గమనించండి, ఆ ఫోను ఆనవాలు వెతుక్కునేది పై కొసన. అడుగు కొసకు దించడమే బ్యాటరీకి ఎక్కువ చేటు. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు ముందు నూరు దాకా ఎక్కించి కాసేపు అలాగే ఉంచి చూడాలి. అప్పటికీ శాతం గెంతులు వేస్తుంటే, బయటకు వెళ్లే పని లేని రోజున, మరో ఫోను దగ్గర ఉంచుకుని, ఒక్కసారి కిందికి దించాలి. అప్పటికీ కుదరకపోతే అది బ్యాటరీ మార్చవలసిన సమయం.

బ్రెయిలీ డిస్‌ప్లేల విషయంలో మాత్రం నేను ఇంకా కఠినంగా ఉంటాను. విద్యుత్తు తగిలితే వంగే పీజోఎలక్ట్రిక్ పదార్థంతో చుక్కలు లేవడానికి చిన్న బ్యాటరీ నుంచే దాదాపు 200 వోల్టులు పుట్టించాలి. వాటి బ్యాటరీలు ఫోను బ్యాటరీల్లా వీధి వీధినా దొరకవు. పాఠశాల విద్యార్థులు వేసవి సెలవులకు ముందు ఈ నియమం ప్రకారం డిస్‌ప్లేను సున్నాకు దించి, తిరిగి చార్జింగ్ పెట్టకుండా బీరువాలో పెట్టేస్తే, నలభై డిగ్రీలు దాటే మన మే నెల ఎండల్లో సెల్లు మరింత ఖాళీ అవుతుంది. వోల్టేజీ హద్దు దాటి పడిపోయిన సెల్లుకు రక్షణ సర్క్యూట్ మళ్లీ చార్జింగ్ ఎక్కనివ్వకపోవచ్చు. దాచిపెట్టే పరికరం సగం చార్జింగ్‌తో, చల్లని చోట ఉండాలి. ఈ ఒక్క సంగతి అయినా శిక్షణ ఇచ్చేవారు తమ పాఠంలో ఆ పాత నియమం స్థానంలో చేర్చాలని నా విన్నపం.

బేగంపేట సభ్యురాలు:

బ్రెయిలీ డిస్‌ప్లేల గురించి మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫోను విషయంలో అనుమానం వచ్చేదాకా ఆగమంటున్నారు. ఆ అనుమానం సాధారణంగా ఫోను రోడ్డు మీద ఆగిపోయాకే కలుగుతుంది కనుక, నెలకు కాకపోయినా మూడు నాలుగు నెలలకోసారి ఇంట్లో ఉన్న రోజున చేయడం మంచిదనే నేను అంటాను.